మడతలో నీలం సున్నా

ఫిబ్రవరి 16, ఆదివారం

మేస్త్రీకి,

నీ పాత స్నేహితుడు పెన్సిలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ చెల్లెమ్మా ఒంట్లో చేరిన రోగాలతో రాజీపడి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మా చెల్లెమ్మా, అమ్మాయీ పిల్లలతో చల్లగా ఉన్నారనుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత రాస్తూ ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. కుశలం అడగాల్సిన రోజుల్లో అడగనివాడు ఇప్పుడు అడిగితే నువ్వు నవ్వుతావు. నవ్వినా ఫరవాలేదు గానీ, చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

నీ చిరునామా ఇసుక దుకాణం ఆయన ఇచ్చాడు. నీ మాట ఎత్తగానే నన్ను ఎగాదిగా చూసి, ఇన్నాళ్ళకు గుర్తొచ్చాడా అన్నాడు. ఇల్లు కట్టేవాడిలా ఇసుక గురించి అక్కర్లేని ప్రశ్నలు నాలుగు అడిగి బయటపడ్డాను.

ముందు మన పేట కబుర్లు చెబుతాను. అసలు సంగతి దాన్లోంచే వస్తుంది.

నువ్వు మెట్లు కట్టిన లైబ్రరీ ఉందిగా. ఆ మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఒక్క బీట లేదు. కిందటి వానాకాలం లోపల బీరువాలకు చెదలు పట్టాయి. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి వాటిని జరిపిస్తే, గోడకూ బీరువాకూ మధ్య గుడ్డసంచిలో పొడుగాటి కట్ట ఒకటి దొరికింది. అన్నీ పాత పటాలు. గుడ్డకు అంటించి, చేత్తో రంగులు వేసినవి, మన పేట ఇంకా పేట కాకముందువి. మా సర్వే ఆఫీసు పాత భవనం ఖాళీ చేసినప్పుడు లైబ్రరీకి తోసేసిన సామాను అది. ఆ పిల్లకు వాటిని చదవడం తెలియక వచ్చినవాళ్ళందరినీ అడిగితే, ఎవరో నా ఇల్లు చూపించారు.

నేను కుదరదన్నాను. కళ్ళు ఆనడం లేదన్నాను. మోకాళ్ళను కూడా సాక్ష్యానికి పిలిచాను. నీ చెల్లెమ్మ వంటింట్లోంచి వచ్చి, పేపర్లో చావు కబుర్ల చిన్న అక్షరాలు కూడా వదలకుండా చదివే కళ్ళేనమ్మా, తీసుకుపో అని నన్ను అప్పగించేసింది. ఇంట్లో సాక్షి ఉన్నవాడి అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది?

అలా మొదలైంది మా ఆదివారం నడక. ఒక పాత పటం, ఒక కొత్త పటం, ఒక పొడుగు టేపు. మొదటి వారం ముగ్గురం. నాలుగో వారానికి ఇరవై మందయ్యాం. మందుల షాపు దగ్గర రోడ్డు వంకర తిరుగుతుంది చూడు, వేసినవాడు తాగి వేశాడని మనం నవ్వుకునేవాళ్ళం. పాపం, వాడి తప్పేమీ లేదు. పాత పటంలో అక్కడ వాగు ఉంది. వాగు ఎండిపోయింది, గట్టు మీద నడిచిన కాలిబాట మిగిలింది, ఆ బాటే రోడ్డయింది. నీళ్ళు పోయినా వంకర పోలేదు. బ్యాంకుకూ పళ్ళ డాక్టరుకూ మధ్య స్కూటరు కూడా పట్టని సందు ఉందే, అది మేకల బాట. పటంలో సన్నటి చుక్కల గీత. అటూ ఇటూ ఇళ్ళు లేచాయి, ఒకరి మీద ఒకరు జానెడు జానెడు జరిగారు, ఎందుకో గానీ ఆ సందును మాత్రం ఎవరూ మింగలేదు. బస్సుల డిపో ఉన్నచోట ఇటుకల బట్టీ ఉండేదట. డిపో గోడవార మట్టి గీరితే ఇప్పటికీ మసి, మాడిన ఇటుక పెచ్చులు. ఆ పూట జేబులో ఒక పెచ్చు వేసుకోకుండా ఇంటికి వెళ్ళిన మనిషి లేడు. రోజూ నడిచే వీధి కింద ఇంకో వీధి ఉందని తెలిసినప్పుడు మనుషుల ముఖాలు చూడాలి మేస్త్రీ, వయసు సగానికి సగం దిగిపోతుంది.

మూడో వారం డ్రాయింగు టీచరమ్మ కూడా వచ్చింది. బడి గోడ కూలినప్పుడు కుడిచెయ్యి పోగొట్టుకున్న ఆవిడే. చెయ్యి ఉంది గానీ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి, చెంచా కూడా పట్టదు. ఎడమచేత్తో బొమ్మలు వెయ్యడం నేర్చుకుని, అదే బడిలో అదే ఉద్యోగం రిటైరయ్యేదాకా చేసింది. ఇప్పుడు మెడలో అట్ట తగిలించుకుని, మేం ఆగిన చోటల్లా ఎడమచేత్తో నాలుగు గీతల్లో బొమ్మ వేస్తుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. నన్ను పెన్సిలుగారూ అంటుంది. ఆవిడ అలా పిలిచినప్పుడల్లా నేను టేపు చుట్టుకుంటూ తల వంచుకునేవాణ్ణి.

ఆ గోడ మాట ఎత్తకుండా ఈ ఉత్తరం రాయలేను. నువ్వు కట్టిన ఏడాదిలోపే, పెద్ద వానలు మొదలైన మూడో రోజు కూలింది. పునాది లోతు చాల్లేదని విచారణలో తేల్చారు. ఆ తర్వాత ఈ పేటలో నీ చేతికి ఒక్క ఇటుక ఇచ్చినవాడు లేడు. నీ రసమట్టాన్ని ఎత్తి చూపించి, ఇదే వంకరేమో అని టీకొట్టు దగ్గర నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ కొట్టులో నేనూ ఉన్నాను. నవ్వలేదు, వాళ్ళ నోరు మూయించనూ లేదు. టీ తాగి వచ్చేశాను. విచారణలో పటాల సెక్షను తరఫున నన్ను పిలిచి, ఆ స్థలంలో ఇంతకుముందు ఏమైనా ఉండేదా అని అడిగారు. పటంలో ఏమీ లేదన్నాను. బయట బల్ల మీద కూర్చున్న నువ్వు లేచి, ఏం చెప్పావని అడిగావు. పటంలో ఉన్నదే చెప్పానన్నాను. ఈ మేస్త్రీ పని నేను పదేళ్ళుగా చూస్తున్నాను, పునాదికి లోటు చేసే చెయ్యి కాదు ఇది అని ఒక్క ముక్క అనలేకపోయాను. మీరు సామాను సర్దుకుని వెళ్ళిపోయిన రోజు బస్టాండుకు కూడా రాలేదు. ఆఫీసులో పని ఉందని నీకు కబురు పంపాను. ఆ రోజు ఆఫీసుకు సెలవు.

ఇప్పుడు అసలు సంగతి.

ఐదో ఆదివారానికి బడి ఉన్న వీధి వంతు వచ్చింది. ఆ చోటు పటంలో సరిగ్గా మడత మీద పడింది. ఏళ్ళ తరబడి మడిచి ఉంచడంతో గుడ్డ ముడుచుకుపోయి, రంగు రెండువైపులకీ చీలింది. లైబ్రేరియన్ అమ్మాయికి ఓపిక ఎక్కువ. తడిగుడ్డతో అద్దుతూ మడత విప్పి, పైన లావుపాటి నిఘంటువులు పేర్చి వారం రోజులు ఉంచింది. తీసి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే వెలుగులో సన్నటి నీలం సున్నా. బాబాయిగారూ, ఇదేమిటని అడిగింది. బావి అన్నాను. కొత్త పటంలో లేదే అంది. లేదన్నాను.

బడి మూల నుంచి టేపు పట్టి కొలిచారు. నలభై రెండు అడుగులు. టేపు చివర పట్టుకుని నిలబడింది టీచరమ్మ. ఆవిడ కాళ్ళ కిందే కూలిన గోడ తాలూకు పాత గుర్తు ఉంది. అలా తెలిసింది మేస్త్రీ, నీ గోడ కింద బావి ఉందని.

ఆ పక్కనే కాలవకు ఎటూ తవ్వించాలి గనుక పెద్ద పంతులమ్మగారు అక్కడ కూడా తవ్వించారు. నడుము లోతున గుండ్రంగా తిరిగిన పాత ఇటుకల వరస బయటపడింది. లోపలంతా పెంకులు, బూడిద, కుళ్ళిన కర్రలు. కూలివాడు గునపం ఆనిస్తే దాని బరువుకే దిగిపోయింది. ఎవరో ఎప్పుడో చెత్తతో పూడ్చి పైన మట్టి కప్పారు. టీచరమ్మ చాలాసేపు గోతిలోకి చూసింది. ఎడమచేత్తో జడ వేసుకోవడం నేర్చుకుంటున్న రోజుల్లో పొద్దున్నే ఆ మేస్త్రీని తిట్టుకుంటూ వేసుకునేదాన్ని, తర్వాత తిట్టకపోతే జడ కుదిరేది కాదు, ఇప్పుడు ఆయనకు నేనేం చెప్పను అంది.

అందుకే ఈ ఉత్తరం. మార్చి 23 ఆదివారం పొద్దున పది గంటలకు లైబ్రరీ హాల్లో రెండు పటాలూ పక్కపక్కన గోడకు పెడుతున్నారు. నీ తప్పు లేదని నలుగురిలో చెప్పాలని అందరూ అనుకున్నారు. నిన్ను పిలవమని నాకు అప్పజెప్పారు. నువ్వు రావాలి. రాలేకపోతే రెండు ముక్కలైనా రాయించు. తిట్లయినా సరే, నీ నోటివైతే చాలు.

చెల్లెమ్మకు నమస్కారాలు. పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
పెన్సిలు


మార్చి 9, ఆదివారం

మేస్త్రీకి,

నమస్కారం. ఇక్కడ క్షేమం. నువ్వు చెబుతుంటే మీ అమ్మాయి రాసిన ఉత్తరం గురువారం అందింది. పోస్టాయన చేతిలోంచి నేనే తీసుకున్నాను. అమ్మాయి దస్తూరీ ముత్యాల్లా ఉంది, తండ్రి పోలిక రాలేదని సంతోషం. నీ సంతకం మాత్రం చూడగానే గుర్తుపట్టాను. అప్పట్లాగే ఇటుక నిలబెట్టినట్టుంది. నెత్తిమీద జుట్టంతా పోయింది, దారానికి కట్టే గుండుకీ నాకూ తేడా లేదు అని రాయించావు. నాకు చుట్టూ అంచు మిగిలింది, నడిమధ్యనే మైదానం. పటం గీస్తే ఖాళీ స్థలమని రాయాలి.

ఇక్కడ అందరూ నువ్వు వస్తున్నావన్న హడావిడిలో ఉన్నారు. లైబ్రేరియన్ అమ్మాయి పటాలకు అద్దాలు బిగించమని వడ్రంగికి ఇచ్చింది. గోడకు పెట్టే వివరం తన చేత్తోనే రాస్తానని టీచరమ్మ పట్టుబట్టింది. ఆ రోజు నీ పక్క కుర్చీ తనకే కావాలట. ఇసుక దుకాణం ఆయన అందరికీ టీలు నావంతే అన్నాడు. మేస్త్రీ పనితనం గురించి తాను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని ఇప్పుడు ప్రతివాడూ అంటున్నాడు. అంతమంది చెబుతుంటే అప్పుడు నా చెవులు ఏమయ్యాయో తెలియదు.

నీ ఉత్తరం నాకు కంఠతా వచ్చేసింది. కొన్ని మాటలు నేను మళ్ళీ రాస్తాను, నువ్వు చెప్పినవేనో కాదో సరిచూసుకో.

“పెన్సిలూ, పేటంతా వేలెత్తి చూపించినా నువ్వొక్కడివి నమ్మావురా. ముప్పై ఏళ్ళు నాకోసం పటాలు వెతుకుతూనే ఉన్నావన్నమాట. బస్టాండుకు రాలేదని నిన్ను తప్పుగా అనుకున్నాను, మనసులో పెట్టుకోకు” అన్నావు.

తర్వాత ఇంకో మాట. “ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పొచ్చు. పునాది తీసే ముందు నీ ఆఫీసుకు వచ్చి అడిగాను, గుర్తుందా? ఆ మూల గడ్డపార మెత్తగా దిగుతోంది, కింద ఏమైనా ఉందేమో చూసి చెప్పరా అన్నాను. ఏమీ లేదు, కట్టెయ్ అన్నావు. విచారణలో ఆ మాట నోటిదాకా వచ్చింది. కొత్తగా పెళ్ళయినవాడివి, నీ ఉద్యోగానికి ఎక్కడ ముప్పొస్తుందోనని మింగేశాను. అయినా పటంలో లేనిదానికి నువ్వు మాత్రం ఏం చేస్తావు?”

గుర్తుంది మేస్త్రీ. ఆ రోజు నీ చొక్కా రంగు కూడా గుర్తుంది. మోచేతుల దాకా సున్నం ఉందని లోపలికి రాకుండా కిటికీ దగ్గరే నిలబడ్డావు.

నీ మాటలు అయిపోయాక కింద అమ్మాయి తనంతట తాను నాలుగు లైన్లు రాసింది. నీకు చూపించిందో లేదో. నాన్న ఇక్కడికి వచ్చాక సొంతంగా ఒక్క గోడ కూడా కట్టలేదు బాబాయ్, ఇంకో మేస్త్రీ కింద సిమెంటు మాలు కలిపి, ఇటుకలు అందించి మమ్మల్ని పెంచాడు. నా ఇల్లు నువ్వే కట్టాలి నాన్నా అంటే తన చేతులు చూసుకుని, ఈ చేతులతో వద్దమ్మా అన్నాడు. మీ ఉత్తరం వచ్చిన రోజు పెరట్లో కూర్చుని, అమ్మ అన్నానికి పిలుస్తుంటే, ‘అయితే లోతు సరిపోయిందన్నమాట, సరిపోయిందన్నమాట’ అని తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు. మీరు మా నాన్నను మాకు తిరిగి ఇచ్చారు అని రాసింది.

నేను అనుకున్నదేమిటంటే, నీకు ఈ పేట మీద కోపం ఉంటుందని, నా మీద కోపం ఉంటుందని. నీ చేతుల మీద నీకే నమ్మకం పోయి ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. తాపీ పట్టినా తాపీగా పట్టేవాడివి, ఒక వరస పెట్టి మూడడుగులు వెనక్కి నడిచి చూసుకుని మురిసిపోయేవాడివి. అలాంటివాడివి ముప్పై ఒక్క ఏళ్ళు ఇంకొకడి గోడకు మాలు కలిపావు.

అమ్మాయి రాసిన ఆ లైన్లు చదివాక కంచం ముందు నుంచి లేచిపోయాను. ఒంట్లో బాగాలేదా అని నీ చెల్లెమ్మ అడిగింది. వేడి చేసిందన్నాను. మజ్జిగ ఇచ్చింది, తాగాను.

ఇరవై మూడున తొమ్మిదిన్నరకల్లా దిగేలా బస్సెక్కు. నేను బస్టాండులో ఉంటాను. ఈసారి తప్పకుండా ఉంటాను. చెల్లెమ్మనూ అమ్మాయినీ వెంటపెట్టుకు రా. ఇల్లు చిన్నదే గానీ సర్దుకుందాం.

మిగతా సంగతులు ముఖాముఖి మాట్లాడుకుందాం.

ఇట్లు,
పెన్సిలు


తా.క.
మార్చి 12, బుధవారం

ఆదివారం ఈ ఉత్తరం కవర్లో పెట్టి, అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. డబ్బాలోకి సగం తోసి మళ్ళీ లాక్కున్నాను. మూడు రోజులు జేబులో తిరిగింది. ఇప్పుడు కవరు చింపి ఇది రాస్తున్నాను. పైన రాసింది కొట్టెయ్యలేదు. చివరిదాకా ఎలా తప్పించుకోవాలని చూశానో నీకు కనపడాలని అలాగే ఉంచాను.

ఆ బావి సంగతి నాకు ఈ ఏడాది తెలిసింది కాదు. ముప్పై నాలుగేళ్ళుగా తెలుసు.

కొత్త పటం గీసింది నేనే. పాత పటం బల్ల మీద పరిచి నకలు దించుతుంటే మడత అంచున సగం సున్నా కనిపించింది. అనుమానం ఉన్నచోటికి మనిషి వెళ్ళి చూసి, తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని రూలు. మా పెద్దాయన నన్నే పంపాడు. ఎండ మండిపోతోంది. సగం దారిలో సినిమా హాలు దగ్గర సైకిలు దిగాను, కాసేపు నీడన నిలబడదామని. మ్యాట్నీకి గంట కొట్టారు, లోపలికి వెళ్ళాను. అది ఏం సినిమానో కూడా గుర్తులేదు. సాయంత్రం ఆఫీసుకు వచ్చి ‘స్వయంగా చూశాను, బావి లేదు’ అని రాశాను. అంతే. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి బెదిరింపూ లేదు.

మూడేళ్ళకు నువ్వు కిటికీ దగ్గరకు వచ్చి అడిగావు. నాకు వెంటనే ఆ సగం సున్నా గుర్తొచ్చింది. మర్చిపోయి చెప్పానని నన్ను నేను నమ్మించుకోవడానికి ఎన్నో ఏళ్ళు చూశాను, కుదరలేదు. పాత పటం నా వెనక బీరువాలోనే ఉంది. లేచి తీస్తే నా రాత అబద్ధమని తేలిపోతుంది. ఉన్నా ఎప్పుడో గట్టిపడి ఉంటుందిలే అనుకున్నాను. ఏమీ లేదు, కట్టెయ్ అన్నాను. విచారణలో పటంలో ఏమీ లేదన్నప్పుడు నా గొంతు వణకలేదు, ఎందుకంటే అది నిజమే. లేకుండా చేసింది నేనే. నువ్వు లోపల నా ఉద్యోగం కాపాడుతున్నావని నాకు తెలియదు. నువ్వు ఆ మాట చెప్పేస్తావేమోనని వారం రోజులు భయపడి చచ్చాను. చెప్పలేదని తెలిసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అందుకే బస్టాండుకు రాలేదు. నీ ముఖం చూస్తే నోరు తెరుస్తానని భయం.

ఆఫీసు ఖాళీ చేసిన రోజు ఆ పటం నా చేతుల్లోకి వచ్చింది. తగలబెట్టడానికి మనసొప్పలేదు, బయటపెట్టడానికి ధైర్యం చాల్లేదు. ఉన్నదున్నట్టు మడత మీద మడతగా చుట్టి, కట్టి, నేనే లైబ్రరీకి పంపాను. ఇప్పుడు అద్దాలు బిగించేటప్పుడు కూడా కొత్త పటం కింద మూల ‘గీసినవారు’ అన్నచోట నా సంతకం కనపడకుండా చట్రం లోపలికి మడిపించాను. ఈ వయసులో, ఇంత జరిగాక కూడా.

సోమవారం నీ చెల్లెమ్మకు చెప్పాను. అప్పట్నుంచి వేళకు అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

నిన్న లైబ్రరీలో టీచరమ్మకు చెప్పాను. గోడకు పెట్టే వివరం రాయడానికి బల్ల మీద తెల్ల అట్ట పరుచుకుని కూర్చుంది. అంతా విని కుంచె పక్కన పెట్టింది.

“మేస్త్రీ మిమ్మల్ని అడిగాడా?” అంది.

“అడిగాడు.”

“మీకు అప్పుడు తెలుసా?”

“తెలుసు.”

తన కుడిచెయ్యి తీసి బల్ల మీద, అట్ట పక్కన పెట్టుకుంది. నాకు చూపించడానికి కాదనుకుంటాను, ఆనుకోవడానికే. కానీ నేను చూశాను. ఇన్ని వారాలు ఆవిడ పక్కన నడిచి, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. లైబ్రేరియన్ అమ్మాయి ఏదో అనబోతే ఆవిడ తల అడ్డంగా ఊపింది. పటం చట్రం విప్పించి మూల మడత బయటికి తీయించింది. పాత అట్ట తీసేసి కొత్తది పరిచి, నన్ను వెళ్ళవద్దని చెప్పి, నా ఎదుటే ఎడమచేత్తో రాసింది. చాలాసేపు పట్టింది. అయ్యాక పైకి చదవమంది. చదివాను. ఆ తర్వాత నన్ను పెన్సిలుగారూ అనలేదు.

నన్ను క్షమించమని రాయను. అది కూడా నీ నెత్తిన ఇంకో పని పెట్టడమే అవుతుంది. వస్తావో రావో నీ ఇష్టం. వస్తే నేను బస్టాండుకు రాను, నీకు దారి చూపించడానికి లైబ్రేరియన్ అమ్మాయి వస్తుంది. హాల్లో నేను తలుపు దగ్గర నిలబడి ఉంటాను. ఎవరైనా అడిగితే ఇక్కడ రాసిందే చెబుతాను, ఒక్క మాట తక్కువ లేకుండా. ఈ పేజీలు అమ్మాయి చేత కూడా చదివించు. మీ నాన్నను మీకు తిరిగి ఇచ్చింది ఎవరో కాదు, తీసుకుపోయినవాడేనని ఆమెకు తెలియాలి.

టీచరమ్మ రాసింది నకలు దించి కింద రాస్తున్నాను. ఇదొక్క నకలైనా ఏదీ వదలకుండా దించాను.

‘ఇక్కడ బావి ఉంది. పాత పటంలో కనిపిస్తుంది. కొత్త పటంలో లేదు. చూడకుండానే చూశానని రాసి దాన్ని వదిలేశారు. గోడ కట్టిన మేస్త్రీకి అనుమానం వచ్చి ముందే అడిగాడు. తెలిసి కూడా లేదని చెప్పారు. నేల కుంగి గోడ పడింది. నా చెయ్యి బయటికి తీయడానికి ఆ గోడను గునపాలతో అరగంట పగలగొట్టాల్సి వచ్చింది. అంత గట్టిగా కట్టాడు.’